‘మళ్లీ కలిపేస్తారట కదా?’: వేసక్టమీ ఎంతవరకు శాశ్వతం

తెలుగులో ‘ఆపరేషన్ అయిందా?’ అన్న ప్రశ్న చిత్రంగా ఉంటుంది. గుండెకు చేస్తే గుండె ఆపరేషన్ అంటాం, కంటికి చేస్తే కంటి ఆపరేషన్ అంటాం. ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త ‘ఆపరేషన్’ అంటే మాత్రం పిల్లలు పుట్టకుండా ఆడమనిషికి చేసేదని అందరికీ అర్థమైపోతుంది. పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న దూరపు చుట్టం కూడా మొహమాటం లేకుండా అడిగేస్తుంది. అదే పంక్తిలో కూర్చున్న ఆవిడ భర్తను ఆ మాట అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

అందుకే మా బాబాయి కొడుకు ఒకరోజు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ‘అన్నా, మగవాళ్లు చేయించుకునే ఆపరేషన్ మళ్లీ కావాలంటే కలిపేస్తారట కదా?’ అని అడిగితే ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తోచలేదు. వాడికి ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ సిజేరియన్‌లోనే. రెండో పాప నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉండటంతో, అప్పుడే ట్యూబులు కట్టేయడం వద్దని డాక్టరమ్మే ఆపింది. పాప ఇప్పుడు రెండేళ్లది. మరదలిని ఇంకోసారి ఆపరేషన్ బల్ల ఎక్కించడం వాడికి ఇష్టం లేదు. వేసక్టమీ, అంటే మగవాళ్ల ఆపరేషన్, తనే చేయించుకుంటే సరి అని ఇంతవరకు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుని తేల్చుకున్నారు. వాణ్ని ఆపుతున్నది ఒకే ఒక్క మాట, ‘శాశ్వతం’.

‘కలపొచ్చు, కానీ...’ అన్నాను. ఆ ‘కానీ’ తర్వాత చెప్పాల్సింది ఫోన్‌లో తెమిలేది కాదు.

అసలు కోసేది ఏమిటి

శుక్రకణాలు వృషణాల్లో తయారవుతాయి. వాటి వెనకే అతుక్కుని ఉండే ఎపిడిడిమిస్ అనే చుట్టల గొట్టంలో కొన్నాళ్లు ఉండి పక్వానికి వస్తాయి. అక్కడినుంచి శుక్రవాహిక అనే గొట్టం గుండా పైకి ప్రయాణిస్తాయి. కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, ఒక్కోటీ దాదాపు అడుగు పొడవు. వృషణాల సంచి పైభాగంలో చర్మం కిందే ఉంటుంది కాబట్టి వేళ్ల మధ్య నొక్కి చూస్తే పురికొసలా తగులుతుంది. డాక్టర్ ఆ పురికొసను పట్టుకుని, చిన్న ముక్క తీసేసి, రెండు కొసల్నీ మూసేస్తాడు. పొట్ట తెరవడం లేదు, ఒళ్లంతా మత్తు లేదు. ఆ చోటు మొద్దుబారడానికి ఒక ఇంజెక్షన్, అరగంటలోపు పని.

1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే సర్జన్ ఈ పనిలోంచి కత్తిని కూడా తీసేశాడు. మొనదేలిన ఫోర్సెప్స్‌తో చర్మానికి చిన్న రంధ్రం చేసి, అందులోంచే రెండు గొట్టాల పనీ ముగించే పద్ధతి ఆయనది. తొంభైల్లో అది మన దేశానికి వచ్చింది. ఆరోగ్య కేంద్రాల గోడల మీద ‘కోత లేదు, కుట్టు లేదు’ అని రాసి ఉండేది దీని గురించే. రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే తేలికపాటి పనులు చేసుకోవచ్చు. బరువులు మోయడం, సైకిల్ తొక్కడం లాంటివి వారం ఆగి మొదలుపెట్టవచ్చు.

మగతనం పోతుందన్న భయానికి జవాబు శరీర నిర్మాణంలోనే ఉంది. మగవాడికి కోరిక, కండ, గడ్డం, గొంతు ఇచ్చే టెస్టోస్టెరాన్ ఈ గొట్టం గుండా వెళ్లదు. అది వృషణాల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. వీర్యంలో శుక్రకణాల వాటా కూడా నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే. మిగతాదంతా పైనున్న ప్రోస్టేట్, వీర్యకోశాల నుంచి వచ్చే ద్రవం. కాబట్టి ఆపరేషన్ తర్వాత వీర్యం చూసి తేడా చెప్పడం ఎవరివల్లా కాదు. అయితే అసలు ఏ ఇబ్బందీ ఉండదని చెప్పడం కూడా అబద్ధమే. నూటికి ఒకరిద్దరికి నెలల తరబడి వదలని నొప్పి మిగులుతుంది. సంతకం పెట్టేముందు ఆ మాట చెప్పని డాక్టర్ దగ్గర చేయించుకోకపోవడమే మంచిది.

మూడు నెలల గొడవ

శాశ్వతం సంగతి తర్వాత, ముందు దీనికి వెంటనే పనిచేసే గుణం లేదు. జనానికి అందాల్సినంతగా అందని విషయం ఇదేనని నాకనిపిస్తుంది. గొట్టం తెగినా, తెగిన చోటుకు పైన అప్పటికే చేరిన శుక్రకణాలు అక్కడే ఉంటాయి. అవి పూర్తిగా బయటికి పోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ కండోమో మరొకటో వాడాలి. ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించి, శుక్రకణాలు లేవని రిపోర్టు వచ్చాకే ఆపరేషన్ పూర్తయినట్టు లెక్క. ప్రభుత్వ ఆసుపత్రిలో సర్టిఫికెట్ ఇచ్చేది కూడా ఆ పరీక్ష తర్వాతే.

ఆపరేషన్‌కు ధైర్యం చేసి వచ్చిన మనిషి కూడా, సీసాలో శాంపిల్ పట్టుకుని ల్యాబ్ కౌంటర్ దగ్గర నిలబడటానికి సిగ్గుపడతాడు. నొప్పి లేదు, అంతా బాగుంది, ఇంకేం పరీక్ష అని ఊరుకుంటాడు. అలాంటి ఇంట్లో నాలుగైదు నెలలకు భార్య నెల తప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. తప్పు పరీక్ష చేయించుకోనివాడిది, అనుమానం మాత్రం ఆమె మీద. ‘ఆయనకు ఆపరేషన్ అయింది కదా, మరి ఇదెలా?’ అని అత్తగారు మొదలుపెడితే ఆ ఇంట్లో ఇక ఆమెకు నిలువనీడ ఉండదు. ఇంతటి గొడవనూ ఒక్క కాగితం ఆపగలదు.

రిపోర్టు శుభ్రంగా వచ్చాక కూడా, ఏ రెండు వేల మందిలోనో ఒకరికి ఎప్పుడో గర్భం రావచ్చు. తెగిన కొసల మధ్య సన్నని దారులు వాటంతటవే ఏర్పడి శుక్రకణాలు దాటేస్తాయి. ఆడవాళ్లకు ట్యూబులు కట్టేసే ట్యూబెక్టమీ కూడా అప్పుడప్పుడు ఇలాగే ఫెయిలవుతుంది. అలాంటి ఒక కేసులోనే, ఫెయిలైనంత మాత్రాన డాక్టర్ నిర్లక్ష్యం చేసినట్టు కాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. శాశ్వత పద్ధతి అన్నారే తప్ప నూటికి నూరుపాళ్లు అని ఎవరూ హామీ ఇవ్వలేదన్నమాట.

కలపడం అంటే

ఇక మావాడి అసలు ప్రశ్న. శుక్రవాహిక పైకి రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నా, లోపలి రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. తెగిన రెండు కొసల్నీ వెతికి పట్టుకుని, మైక్రోస్కోప్ కింద పెట్టి, తలవెంట్రుక కన్నా సన్నని దారంతో ఆ రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా వచ్చేలా కుట్టాలి. రెండు పక్కలా. తెంపడానికి అరగంట చాలింది, అతకడానికి కొన్ని గంటలు పడుతుంది. తెంపడం ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా అయిపోతుంది. అతకాలంటే మైక్రోసర్జరీలో చెయ్యి తిరిగిన యూరాలజిస్టును వెతుక్కుంటూ హైదరాబాదో చెన్నైయో పోవాల్సి రావచ్చు, అదీ సొంత ఖర్చుతో.

ఫలితాల మాటేమిటి? 1991లో అమెరికా డాక్టర్లు దాదాపు పదిహేను వందల మంది కేసుల్ని పరిశీలించి ప్రచురించిన లెక్కలు ఇప్పటికీ అందరూ ఉదహరించేవి. వేసక్టమీ జరిగి మూడేళ్లు దాటకముందే కలిపించుకున్నవాళ్లలో 97 శాతం మందికి వీర్యంలో శుక్రకణాలు తిరిగి కనిపించాయి. వాళ్ల భార్యల్లో 76 శాతం మందికి గర్భం వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య అయితే 88, 53. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లయితే 79, 44. పదిహేనేళ్లు దాటితే 71, 30.

ఈ అంకెల్లో చూడాల్సింది రెండు వరుసల మధ్య తేడా. గొట్టం తెరుచుకోవడం వేరు, బిడ్డ పుట్టడం వేరు. సర్జన్ తన పని బ్రహ్మాండంగా చేసినా, ఆ గొట్టంలోంచి వచ్చేది మునుపటిలా ఉండకపోవచ్చు. చెరువు తూము మూసేసినా వాగు మాత్రం వస్తూనే ఉందనుకోండి. నీళ్లు పెరిగే కొద్దీ కట్ట మీద బరువు పడుతుంది, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి పడుతుంది. వేసక్టమీ తర్వాత కూడా వృషణాలు శుక్రకణాలను తయారుచేయడం ఆపవు. చాలావాటిని శరీరమే పీల్చేసుకుంటుంది. అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఎపిడిడిమిస్‌లోని ఆ సన్నని చుట్టలు ఎక్కడో ఒకచోట చిట్లి, అక్కడ మచ్చ కట్టి, రెండో అడ్డుకట్ట తయారవుతుంది. అప్పుడు మొదట కోసిన చోట అతికినా లాభం లేదు. శుక్రవాహికను తీసుకెళ్లి నేరుగా ఎపిడిడిమిస్‌కే కుట్టాలి. అది ఇంకా కష్టమైన పని, విజయం ఇంకా తక్కువ. బల్ల మీద తెరిచి చూసేదాకా ఏది అవసరమో సర్జన్‌కు కూడా తెలియదు.

దీనికి తోడు, గొట్టం దాటి బయటపడిన శుక్రకణాలను శరీరం పరాయివిగా భావించి యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. సగానికి పైగా మందిలో ఇవి కనిపిస్తాయి. అందరికీ అడ్డుపడవు కానీ, కొందరిలో శుక్రకణాల్ని ఉండకట్టించి కదలనివ్వవు. వీటన్నిటికీ మించినది భార్య వయసు. పదిహేనేళ్ల తర్వాత కలిపించుకున్నవాడి భార్యకు కూడా పదిహేనేళ్లు పెరిగి ఉంటాయి కదా.

ఈ లెక్కలు చెబితే మావాడు వెంటనే, ‘అంటే మూడేళ్లలోపు అయితే ఫరవాలేదన్నమాట’ అన్నాడు. సరిగ్గా అక్కడే బోల్తా పడతారు. మూడేళ్లలో కలిపించుకోవాల్సి వస్తుందేమో అన్న ఆలోచన ఉన్నవాడు అసలు చేయించుకోకూడదు. పైగా కలిపించుకోవాల్సిన అవసరాలు చెప్పి రావు. విడాకులై మళ్లీ పెళ్లి కావడం, భార్య పోవడం, ఎదిగిన బిడ్డ ప్రమాదంలో పోవడం, ఇవన్నీ సాధారణంగా ఎనిమిదేళ్లకో పన్నెండేళ్లకో ఎదురయ్యేవి. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు మళ్లీ ట్యూబులు కలిపించుకోవడానికి తమిళనాడు ప్రభుత్వం డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్ననాడు అలాంటి రోజు వస్తుందని వాళ్లలో ఎవరనుకుని ఉంటారు?

కలపడం కుదరకపోతే ఇంకో దారి ఉంది. వృషణంలోంచి గానీ ఎపిడిడిమిస్‌లోంచి గానీ సూదితో శుక్రకణాలు తీసి, ల్యాబ్‌లో అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి. దీనికి గొట్టం తెరిచి ఉండక్కర్లేదు. కానీ రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు పొడిపించుకునేది, మత్తు ఇప్పించుకుని అండాలు తీయించుకునేది భార్య. ఆమెకు ఇంకో ఆపరేషన్ తప్పించాలని ఆయన చేయించుకున్నది, చివరికి తిరిగొచ్చి ఆమె ఒంటి మీదే పడుతుంది. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి చికిత్సకు మగవాడి వయసు 55, ఆడవాళ్ల వయసు 50 దాటకూడదు కూడా.

అనుమానం ఏ మూలో ఉంటే ఆపరేషన్‌కు ముందే వీర్యం ఫ్రీజ్ చేయించుకోవచ్చు. పెద్ద ఊళ్లలో ఆ సౌకర్యం ఉంది, ఏటా కొంత డబ్బు కట్టాలి. అయితే అది కూడా మళ్లీ భార్య చికిత్సతో ముడిపడిందే. ఫ్రీజ్ చేయించుకోవాలని మనసు మరీ గట్టిగా లాగుతోందంటే, ఆపరేషన్ ఇంకొన్నాళ్లు వాయిదా వేయమని లోపలినుంచి ఎవరో చెబుతున్నట్టే. అమెరికాలో వేసక్టమీ చేయించుకున్నవాళ్లలో నూటికి ఐదారుగురు తర్వాత కలిపించుకోవాలని చూస్తారు. చిన్న వయసులో చేయించుకున్నవాళ్లలో ఇది బాగా ఎక్కువ.

శాశ్వతం అంటే భయపడేది ఎవరు

ఇప్పుడు నాకు కొరుకుడుపడని విషయానికి వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది ట్యూబెక్టమీ మీద ఆధారపడ్డారు. భర్తకు వేసక్టమీ అయినవాళ్లు 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అంకె 70 శాతానికి దగ్గర, తెలంగాణలో 60కి పైన. దేశంలోనే ముందు వరుస మనది. మనవాళ్లలో చాలామందికి ఇరవైల్లోనే, రెండో కాన్పుతోపాటే అయిపోతుంది. పాతికేళ్లు నిండని పిల్లకు అప్పుడు ‘శాశ్వతం’ అన్న మాట ఎవరూ విడమరిచి చెప్పరు, ‘మళ్లీ కలపొచ్చా’ అని ఆమె తరఫున ఎవరూ ఫోన్ చేయరు. ట్యూబెక్టమీ అంటే పొట్ట లోపలికి వెళ్లి చేసేది, వేసక్టమీ కన్నా ప్రమాదం ఎక్కువ. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటల్లో 83 మందికి చేసిన క్యాంపు తర్వాత పదిమందికి పైగా చనిపోయారు. ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు పోయారు.

ఎప్పుడూ ఇలాగే లేదు. అరవైల్లో మన దేశంలో ఎక్కువగా జరిగింది వేసక్టమీలే. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒకే క్యాంపులో, నెల రోజుల్లో, అరవై వేల మందికి పైగా మగవాళ్లు చేయించుకున్నారు. బహుమతులు ఇచ్చారు నిజమే, కానీ జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. తర్వాత ఎమర్జెన్సీ. 1976-77లో దేశమంతా కలిపి ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు, అందులో అరవై లక్షలకు పైగా మగవాళ్లవి. టార్గెట్లు, పోలీసులు, ఆపిన జీతాలు. 1977 ఎన్నికల్లో ఉత్తరాది దానికి బదులు తీర్చుకుంది. ఆ ఎన్నికల్లోనే ఆంధ్రప్రదేశ్ 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. అంటే ఇక్కడి ఓటరుకు నస్‌బందీ (హిందీలో ఈ ఆపరేషన్ పేరు) అంత కసి పుట్టించలేదు. అయినా వేసక్టమీ ఇక్కడ కూడా మాయమైంది. ఎందుకంటే కసి తీర్చుకోగల మగవాళ్ల జోలికి వెళ్లడం ఏ ప్రభుత్వానికీ ఇష్టం లేకపోయింది. టార్గెట్లు అలాగే ఉన్నాయి, మనుషులు మారారు. పురిటికి వచ్చిన ఆడవాళ్లు దొరికారు.

అదే సర్వేలో, గర్భం రాకుండా చూసుకోవడం ఆడవాళ్ల పని, మగవాడు పట్టించుకోనక్కర్లేదు అని ఒప్పుకున్న మగవాళ్లు 35 శాతం. ఏటా నవంబర్ 21 నుంచి డిసెంబర్ 4 దాకా వేసక్టమీ పక్షోత్సవాలు జరుపుతారు. మగవాళ్లకు ఇచ్చే డబ్బు ఆడవాళ్లకు ఇచ్చేదానికన్నా ఎక్కువే. ఆ పదిహేను రోజుల్లో ఆశా కార్యకర్త వచ్చి మాట్లాడేది మాత్రం ఇంట్లో ఉన్న కోడలితోనే, ఆయన పనికెళ్లిపోయాక.

(మూడో బిడ్డ పుడితే సర్పంచ్‌గా పోటీ చేయనివ్వని చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబర్‌లో తీసేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు. ఈ మాట కూడా చెప్పేది ఎవరు, భరించేది ఎవరు అన్నది వేరే వ్యాసం.)

సముద్రాలు దాటిన మనవాళ్ల పరిస్థితీ నేరుగా ఏం లేదు. అమెరికాలో 2022 జూన్‌లో అబార్షన్ హక్కు ఇచ్చిన పాత తీర్పును అక్కడి సుప్రీంకోర్టు కొట్టేశాక వేసక్టమీలు పెరిగాయి. అక్కడి ఫెడరల్ చట్టం ఆడవాళ్ల ట్యూబ్ ఆపరేషన్‌ను ఇన్సూరెన్స్ పూర్తిగా భరించాలంటుంది. అంతకన్నా తేలికైన, చౌకైన వేసక్టమీకి ఆ నిబంధన లేదు.

మధ్యే మార్గం ఏమైనా ఉందా

మగవాడి చేతిలో ఇప్పటికిప్పుడు ఉన్నవి మూడే. కండోమ్, ‘బయటికి తీయడం’, వేసక్టమీ. ప్రభుత్వం 1968లో నిరోధ్ పేరుతో పంచడం మొదలుపెట్టిన కండోమ్‌ను ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో నూటికి రెండు జంటలకే గర్భం వస్తుంది. మనుషులు మామూలుగా వాడే తీరులో అది పదమూడు. బయటికి తీయడం మీద ఆధారపడితే ఇరవై. ఇంకో పద్ధతి వచ్చేదాకా ఆగుదాం అనుకునేవాళ్లు, ఆగినంతకాలం ఏ అంకె మీద నడుస్తున్నారో చూసుకోవాలి.

రాబోయే వాటిలో మన దేశానికి చెందినది రిసగ్. ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన సుజయ్ గుహ డెబ్బైల నుంచి దీని వెంట పడ్డారు. శుక్రవాహికను కోయకుండా అందులోకి ఒక పాలిమర్ జెల్ ఇంజెక్ట్ చేస్తారు. అది గొట్టం గోడలకు పూతలా పట్టుకుని, పక్కనుంచి వెళ్లే శుక్రకణాల పొరను దెబ్బతీస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 303 మంది మీద చేసిన మూడో దశ ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. ఏడేళ్లపాటు చూస్తే గర్భాన్ని ఆపడంలో 99 శాతం పనిచేసింది. ఇంకో ఇంజెక్షన్‌తో ఆ పూతను కరిగించి మళ్లీ దారి తెరవొచ్చన్నది దీని మీద పెట్టుకున్న పెద్ద ఆశ. పేరులో మొదటి అక్షరం కూడా ‘రివర్సిబుల్’ అన్న మాటదే. ఆ కరిగించడం జంతువుల్లో చేసి చూపించారు. ఈ ప్రయోగంలో మనుషుల మీద చేయలేదు. అంటే ఇవాళ్టికి రిసగ్ కూడా మనిషి విషయంలో బాగా పనిచేసే వేసక్టమీయే తప్ప అంతకు మించి రుజువు కాలేదు, మందుల షాపులోకీ రాలేదు.

మాత్ర సంగతికి వస్తే, అండం నెలకు ఒకటి విడుదలవుతుంది, శుక్రకణాలు సెకనుకు వెయ్యికి పైగా పుడతాయి. మగవాడికి మాత్ర చేయడం ఎందుకు కష్టమో ఈ ఒక్క తేడాతోనే తెలిసిపోతుంది. హార్మోన్లిచ్చి మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఆజ్ఞల్ని ఆపితే ఉత్పత్తి ఆగుతుంది. ఒక శుక్రకణం తయారీకి రెండు నెలలకు పైగా పడుతుంది కాబట్టి ఆగడానికీ, మళ్లీ మొదలవడానికీ నెలలు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్దతుతో 320 మంది మగవాళ్ల మీద చేసిన ఇంజెక్షన్ ప్రయోగం 96 శాతం దాకా పనిచేసింది. మూడ్ మారిపోవడం, డిప్రెషన్ లాంటి ఇబ్బందులు చూసి భద్రతా కమిటీ సలహాతో 2011లో ఆపేశారు. అయినా పాల్గొన్నవాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ పద్ధతి దొరికితే వాడతామన్నారట. ఇలాంటి ఇబ్బందులు ఆడవాళ్ల మాత్రలతోనూ ఉంటాయి, అవి మాత్రం దశాబ్దాలుగా షాపుల్లో ఉన్నాయి. భుజాలకు రోజూ రాసుకునే హార్మోన్ జెల్ ఒకదాన్ని కూడా జంటల మీద ప్రయోగించి చూశారు. హార్మోన్లతో పనిలేకుండా, శుక్రకణాల తయారీకి కావాల్సిన విటమిన్-ఎ పనిని అడ్డుకునే వైసీటీ-529 అనే మాత్ర మొదటి దశ ఫలితాలు 2025లో వచ్చాయి. పాల్గొన్నది పదహారు మంది. అది ఒంటికి పడుతుందా లేదా అన్న పరీక్షే, గర్భం ఆపుతుందా అన్నదాకా ఇంకా రాలేదు.

పత్తి పండించే మనవాళ్లకు ఆసక్తిగా ఉండే కథ ఇంకొకటుంది. చైనాలో కొన్ని పల్లెల్లో ముడి పత్తిగింజల నూనె వాడేవాళ్లకు పిల్లలు పుట్టకపోవడం గమనించి, ఆ గింజల్లోని గాసిపాల్ అనే రసాయనాన్ని డెబ్బైల్లో వేలమంది మగవాళ్లకు మాత్రగా ఇచ్చి చూశారు. శుక్రకణాలు ఆగిపోయాయి. కొందరికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోయింది, ఇంకొందరికి మందు మానేసినా శుక్రకణాలు తిరిగి రాలేదు. తాత్కాలికం అనుకున్నది వాళ్లకు చెప్పకుండానే శాశ్వతమైపోయింది. (మన కిరాణా కొట్లో దొరికే పత్తిగింజల నూనె శుద్ధి చేసినది, అందులో గాసిపాల్ తీసేస్తారు. కంగారు పడక్కర్లేదు.)

మావాడు ఇదంతా విని వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లారు. నిబంధనల ప్రకారం భార్య సంతకం అవసరం లేదు. పెళ్లయి ఉండాలి, వయసు అరవై లోపు ఉండాలి, ఏడాది నిండిన బిడ్డ ఒకరైనా ఉండాలి, అంతే. అయినా తనే రమ్మన్నాడట. డాక్టర్ అడిగిన చివరి ప్రశ్న, ‘రేపు ఏదైనా జరగరానిది జరిగితే?’ దానికి మరదలు, ‘జరగరానిది జరిగితే ఇంకో బిడ్డతో సరిపోతుందా సార్’ అందని వాడే చెప్పాడు. శుక్రవారం చేయించుకుని సోమవారం ఆఫీసుకి వెళ్లాడు.

మూడు నెలల పరీక్షలో కదలని శుక్రకణాలు నాలుగైదు కనిపించాయి, నెలాగి మళ్లీ రమ్మన్నారు. వచ్చే వారం మళ్లీ సీసా పట్టుకుని వెళ్లాలని గొణుగుతున్నాడు. మా పిన్నికి మాత్రం కొడుక్కి హెర్నియా ఆపరేషన్ అయిందనే తెలుసు. మొన్న ఫోన్ చేసి, ‘బిందె ఎత్తనివ్వకురా వాణ్ని’ అని నాకు మరీ మరీ చెప్పింది.